తేన్పు పాఠాలు

తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతున్నంతసేపూ నిశ్శబ్దం పాటించవలెను అని రాసిపెట్టారు. అది చదివి అతనికి నవ్వొచ్చింది. నవ్వంటే ఏముంది, భుజాలు రెండుసార్లు ఎగిరిపడ్డాయి, మెడకు కట్టుకున్న తెల్లగుడ్డ ఒకసారి ఉబ్బి అణిగింది, అంతే. గొంతు పెట్టె కోసి తీసేసిన మనిషికి ఈ హెచ్చరిక బట్టతలవాణ్ణి దువ్వెన వాడొద్దన్నట్టుంది. ఆస్పత్రి కింది అంతస్తు ఇది, మందుల స్టోరు దాటాక నడవా, నడవా చివర రికార్డింగు గది, గది బయట ప్లాస్టిక్ కుర్చీలు, వాటిలో కాలు విరగనిది చూసుకుని కూర్చున్నాడు. నెత్తి మీద లావాటి గొట్టాలు పోతున్నాయి, పై అంతస్తుల్లో ఎవరు కొళాయి తిప్పినా వాటిలో నీళ్ళు గడగడమంటున్నాయి. ఆ చప్పుడు ఆగినప్పుడు తలుపు సందులోంచి లోపలి గొంతు వినిపిస్తోంది. ఎంత గొంతండీ అది, నూనె పెట్టిన తాళంలా ఎక్కడా పట్టుకోకుండా తిరుగుతోంది. "వీపు నిటారుగా పెట్టి కూర్చోండి. నోట్లో కాస్త గాలిని ముద్దలా పట్టుకోండి. మింగకండి. నాలుకతో వెనక్కి తొయ్యండి." మాటలు తనవే. ముద్దలా అన్న మాట పుస్తకాల్లో లేదు, అతను పెట్టిందే, దానికోసం ఈ పాఠాలు తీయిస్తున్న డాక్టరమ్మతో ఒక పూటంతా పేచీ పడ్డాడు. ఇప్పుడా మాటల్ని రేడియోలో ప్రకటనలు చదివే ఆయన చదువుతున్నాడు, తొయ్యండి అన్నదాన్ని కూడా పెళ్ళికి పిలుస్తున్నట్టు చదువుతున్నాడు. గంటలో ఆయన పని అయిపోతుంది, దీపం ఆరుతుంది, డాక్టరమ్మ బయటికొచ్చి అడుగుతుంది, పాఠాల్లోంచి మీ గొంతు తీసెయ్యమంటారా, ఉంచమంటారా అని. ఆ ఒక్క మాట చెప్పడానికే అతను వచ్చాడు. ఏం చెప్పాలో ఇంకా తెలియదు.

గొంతు పోవడం ఇది మొదటిసారి కాదు. కూరగాయల టోకు మార్కెట్లో వేలం వేసేవాడు అతను, టమాటా పెట్టెల దొంతర మీదికెక్కి కేకేస్తే అవతలి షెడ్డులో ఉల్లిపాయలవాళ్ళు కూడా తలెత్తి చూసేవారు, మార్కెట్టువాళ్ళు ఒకసారి మైకు కొనిపెట్టి, అతను పక్కన నిలబడితే అదే దండగని మళ్ళీ బీరువాలో పెట్టేశారు. అప్పటినుంచి అతని పేరే మైకు. ఆ పేరుకి పొంగిపోయేవాడు కూడా, దాచుకోవడం ఎందుకు. గొంతు బొంగురుపోయినప్పుడు వేలం వేసేవాడికి బొంగురు ఒక లెక్కా అని ఊరుకున్నాడు, అరుపులో కాసింత జీర వస్తే ధర ఇంకా బాగా పలుకుతుందని స్నేహితులతో పరాచికాలాడాడు, ఆ జీరే పుండని తెలిసేసరికి ఆలస్యమైంది. పెట్టె మొత్తం తీసేశారు. ఇప్పుడతను ఊపిరి తీసుకునేది ముక్కుతో కాదు, మెడ మధ్యలో పెట్టిన రంధ్రంతో. ఊపిరికీ నోటికీ చుట్టరికం తెగిపోయింది. మాట్లాడాలంటే నోట్లోని గాలిని ఆహారం దిగే గొట్టంలోకి తోసి, అది తేన్పుగా పైకి వచ్చే రెప్పపాటులో నాలుకతోనూ పెదవులతోనూ దాన్ని మాటగా మలచాలి. ఒక తేన్పుకి మూడు నాలుగు అక్షరాలు, కలిసొస్తే ఇంకో రెండు. ప, ట, క లాంటివి చెప్పిన మాట వింటాయి, మ మొండికేస్తుంది, హ అన్నది ఇక ఈ జన్మకు లేదు. ఇది నేర్చుకోవడానికి ఏడాది పట్టింది, నేర్చుకున్నాక ఈ ఆస్పత్రిలోనే, గొంతు పోయిన కొత్తవాళ్ళకు నేర్పే పనిలో కుదిరాడు, అందరూ ఆస్పత్రిదాకా రాలేరు కదా అని డాక్టరమ్మ పాఠాల్ని వీడియోలు తీయించి కంప్యూటర్లో పెట్టింది. ఆమె వెనకనుంచి అడుగుతుంది, అతను కెమెరా ముందు కూర్చుని చెబుతాడు, చేసి చూపిస్తాడు. మైకు పోయి మాస్టారయ్యాడు.

మాస్టారుగారి పాఠాలకు మార్కులు పడే రోజు వస్తుందని ఎవరనుకున్నారు. చూసినవాళ్ళు చుక్కలు ఇవ్వాలట, అయిదు చుక్కలంటే మహా బాగున్నట్టు. మన పాఠాలకు మూడు కూడా నిండలేదు. చుక్కలు పెరక్కపోతే కోర్సు మూసేసి ఆ డబ్బు ఇంకెక్కడైనా పెడతామని పైవాళ్ళు అన్నారట, అప్పుడు డాక్టరమ్మ ఎక్కడ లోపముందో తేల్చాలని అన్ని వైపులనుంచీ అభిప్రాయాలు పోగేయడం మొదలుపెట్టింది. ముందు ఒక గీత చూపించింది, పాఠం నడుస్తుండగా ఎంతమంది మిగిలారో చెప్పే గీత, మొదటి నిమిషమంతా బల్లపరుపుగా పోయి రెండో నిమిషంలో అంచు దాటి కిందపడింది. రెండో నిమిషంలో ఏముందని అతను సైగ చేస్తే ఆమె చెప్పడానికి తటపటాయించి నీళ్ళు తాగింది. రెండో నిమిషంలో అతను నోరు తెరుస్తాడు. అదీ సంగతి. ఆ తర్వాత జనం రాసిన ముక్కలు, అవి తలచుకుంటే ఇప్పటికీ కొన్నిటికి నవ్వే వస్తుంది, ముందు మీ మైకు బాగుచేయించుకోండి అని ఒకరు, నెట్ స్లోగా ఉన్నట్టుంది మాట తెగి తెగి వస్తోందని ఇంకొకరు, పాఠం మంచిదే చెప్పే ఆయన్ని మార్చండని ఎక్కువమంది. చిన్నపిల్లను పక్కగదికి పంపి వినాల్సొస్తోందని ఒక తల్లి. వేరే ఊరి ఆస్పత్రిలో చదువు చెప్పే పెద్దమనిషి ఒకాయన అన్ని పాఠాలూ ఓపిగ్గా చూసి, విషయం నిర్దుష్టంగా ఉంది కానీ వెనకనున్న పరదా రంగు దృష్టి మళ్ళిస్తోంది, ప్రారంభంలో ప్రోత్సాహకరమైన వాక్యమొకటి ఉంటే మంచిది అని రాశాడు. పరదా మార్చారు. ప్రోత్సాహకరమైన వాక్యం కూడా తగిలించారు: సాధన చేస్తే ఈ మాట అందరికీ వస్తుంది. అందరికీ రాదు. కొందరి గొట్టం బిగుసుకుపోయి ఉంటుంది, కొందరికి రేడియేషన్ కరెంటు పెట్టి లోపల కాల్చేసి ఉంటారు, ఎంత తోసినా గాలి లోపలికి పోదు, డాక్టరమ్మకు తెలుసు, అతనికీ తెలుసు, తెలిసి కూడా ఆ వాక్యం చదివి తలాడించాడు.

అన్నిటికన్నా ఘనమైన పని ఫోన్లు చేయడం. పాఠాలు మధ్యలో మానేసినవాళ్ళందరికీ ఫోన్లు చేసి ఎందుకు మానేశారో కనుక్కుందామని డాక్టరమ్మే పూనుకుంది, ప్రశ్నలు రాసుకుంది, వారం రోజులు చెవి కందిపోయేలా మాట్లాడింది, అన్నీ క్రోడీకరించి అతని ముందు చదువుతూ చదువుతూ హఠాత్తుగా ఆగి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "మాస్టారూ, నేను ఫోన్ చేసింది గొంతు లేనివాళ్ళకండీ," అంది. ఎవరెత్తి ఉంటారు ఫోను? పెళ్ళాలు ఎత్తారు, కోడళ్ళు ఎత్తారు, కొడుకులు ఆఫీసులోంచి హడావిడిగా ఎత్తి ఆయనకు నచ్చలేదండీ అన్నారు. ఆయన పక్కనే నిలబడి చేతులు ఊపుతున్నాడో, అసలు ఆ గదిలోనే లేడో ఎవరికి తెలుసు. ఆ రోజు ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు, ఆమె కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, అతను భుజాలు ఎగరేస్తూ. కానీ నవ్వు అయిపోయాక ఒక జవాబు మాత్రం ఇద్దరి మధ్యా బల్ల మీద మిగిలిపోయింది. స్కూలు వ్యాను నడిపిన ఒకాయన భార్య చెప్పింది అది. ఆ గొంతు విన్నాక మా ఆయన ప్రయత్నమే మానేశారండీ, ఇలా మాట్లాడే బదులు మాట్లాడకపోవడం నయమని పలక మీద రాసి చూపించారు. ఈ ఒక్కటీ పెళ్ళాం మాట కాదు, మొగుడి మాటే. డాక్టరమ్మ దాన్ని గబగబా దాటేసి తర్వాతది చదవబోయింది, అతను వేలు పెట్టి ఆపాడు.

ఆ డ్రైవర్ని తర్వాత చూశాడు కూడా. ఫోన్లతో లాభం లేదని కొందరిని ఆస్పత్రికే పిలిపించారు, ఒక గదిలో కూర్చోబెట్టి పాఠం పెట్టారు, ఇవతలి గదిలోంచి అద్దంలో వీళ్ళు చూడొచ్చు, అవతలివాళ్ళకు వీళ్ళు కనబడరు. డ్రైవరు బక్కపలచని మనిషి, యూనిఫారం చొక్కానే వేసుకొచ్చాడు, ఉద్యోగం పోయినా అలవాటు పోదేమో. పక్కన భార్య. మొదటి నిమిషమంతా కాలు ఆడిస్తూ శ్రద్ధగా చూశాడు. తెర మీద అతను నోరు తెరిచి "కా. కీ. కూ," అన్నాడు, అద్దం ఇవతల అతను తన గొంతు తానే విన్నాడు, బురదలోంచి బుడగలు లేచినట్టు, ఇన్నేళ్ళూ లోపలినుంచి విన్నది వేరు, ఇది వేరు. డ్రైవరు కాలు ఆగిపోయింది. చెయ్యి మెడ దగ్గరి గుడ్డ మీదికి పోయింది. మెల్లిగా తల తిప్పి భార్య మొహంలోకి చూశాడు. ఆమె చూపు తప్పించి సంచి జిప్పు సర్దుకోవడం మొదలుపెట్టింది. ఎవరూ ఏమీ రాయలేదు, ఏ చుక్కలూ ఇవ్వలేదు, అయినా అతనికి అన్నీ అర్థమైపోయాయి. ఈయన ఇక నోరు తెరవడు. తెరవకుండా చేసింది తనే, తన గొంతే. వేలం వేసిన రోజుల్లో సరుకు బాగాలేకపోయినా నోటితో అమ్మేసిన మనిషి తను, ఇప్పుడు ఉన్న సరుకు మంచిదే, నోరే దాన్ని చెడగొడుతోంది. ఆ వేళే డాక్టరమ్మతో అనేశాడు, గొంతు మార్చండి అని. ఆమె వద్దనలేదు, సరే అని కూడా అనలేదు.

వచ్చిన చిక్కల్లా ఆ మార్చడం ఎక్కడిదాకా అన్నది. వివరించే మాటలు రేడియో ఆయన చెబితే మంచిదే, ఎవరికైనా తేటగా వినబడాలి కదా, అందులో అతనికి పట్టుదల లేదు. కానీ చేసి చూపించే చోట? అక్కడ రేడియో ఆయన ఏం చేస్తాడు, గొంతున్నవాడు తేన్చి చూపిస్తే ఎవరికి ఉపయోగం? దానికీ ఉపాయం ఉందన్నారు కంప్యూటర్ మనుషులు, మీ గొంతునే తీసుకుని గరుకు తగ్గించి, బుడగలు తీసేసి నునుపు చేస్తామన్నారు. నమూనా కూడా చేసి తెచ్చారు. పోయిన వారం డాక్టరమ్మ అతని చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి వినిపించింది. ఏం గొంతో అది, తన గొంతుకు పినతండ్రి కొడుకులా ఉంది, పోలిక ఉంది, పేదరికం లేదు. అది వింటున్న ఒకే ఒక్క క్షణం అతనికి ఆశ పుట్టింది. ఇంకెంత సాధన చేస్తే నాకిలా వస్తుంది అనుకున్నాడు. అనుకుని, చెవులకున్నవి తీసి బల్ల మీద పెట్టేశాడు. అది తన గొంతే. తనకే రాని మాట తన పేరు మీద తెర మీద నిలబడి ఉంది, దాన్ని చూసి డ్రైవరు కాలు ఆడిస్తూ నేర్చుకోవడం మొదలుపెడతాడు, నెల పోతుంది, ఏడాది పోతుంది, ఎంత చేసినా బురదలో బుడగలే వస్తాయి, నాదే తప్పు, నాకే చేతకాలేదు అనుకుంటాడు. చుక్కలు మాత్రం అయిదూ ఇచ్చేసి ఉంటాడు, మొదటి వారంలోనే అడుగుతారు కదా.

ఉంచితే భయపడి పారిపోతారు, నునుపు చేస్తే మోసపోతారు. ఈ రెంటి మధ్యా కుర్చీలో కూర్చుని అతను తన మనసునీ నమ్మడం లేదు. నీకు నీ గొంతు మీద మోజు, మైకు అనిపించుకున్న రోజులనుంచీ ఉన్న రోగమే ఇది, ఆ మోజుకోసం పదిమందిని మూగవాళ్ళను చేస్తావా అని తనను తాను నిలదీస్తున్నాడు. నిలదీస్తే జవాబు చెప్పడానికి లోపల గొంతుకు కొదవలేదు, లోపల ఇంకా ఆ పాత గొంతే ఉంది, టమాటా పెట్టెల మీద నిలబడ్డదే, అది ఎవరికీ వినబడదు. తలుపు అవతల రేడియో ఆయన అదే వాక్యాన్ని మళ్ళీ చదువుతున్నాడు, తొయ్యండి, తొయ్యండి, ఎవరో ఆపి ఇంకోసారి చదవమన్నట్టున్నారు. తనకు ఈ తేన్పు మాట మొదట వినిపించింది ఎవరు? దర్జీ. ఆపరేషన్ అయిన మూడో నాడో నాలుగో నాడో మంచం పక్కకు ఒక ముసలాయన వచ్చాడు, మెళ్ళో కొలత టేపు, టేపు కింద గుడ్డ, గుడ్డ కింద తనకున్నట్టే రంధ్రం. "నేను కూడా. ఇంతే," అని తేన్చాడు. ఆ చప్పుడుకి అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు, ముసలాయన వెళ్ళిపోయేదాకా ఇటు తిరగలేదు. డ్రైవరు నయం, పెళ్ళాం వైపైనా తిరిగాడు. దర్జీ మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి నోరు విప్పలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని సంచిలోంచి తెల్లగుడ్డ తీసి మెడకు కట్టుకునే పేలికలు కుట్టడం మొదలుపెట్టాడు. రోజూ వచ్చి కుట్టుకుని పోయేవాడు, ఒక్క మాట లేదు, ఎప్పుడైనా సూదిలో దారం ఎక్కించి పెట్టమని అతనికి అందించేవాడు. అలా ఎన్నాళ్ళు కుట్టాడో, ఇప్పుడు మెడకున్నది ఆయన కుట్టిందేనేమో, కాదు, అవన్నీ చిరిగిపోయి ఉంటాయి, ఆయనే పోయాడు.

ఇంటికి వచ్చాక ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదో. అతని మాటలన్నీ భార్యే మాట్లాడేది. మంగలి అడిగితే ఆమె చెప్పేది, పక్కింటివాళ్ళు అడిగితే ఆమె చెప్పేది, నొప్పి ఎక్కడుందని డాక్టరు అడిగినా ఆమే చెప్పేది, ఎక్కువసార్లు తప్పే చెప్పేది, పాపం ప్రేమతోనే. మార్కెట్టు స్నేహితులు చూడటానికి వచ్చిన రోజు టీలు పెట్టి, వీరికి చక్కెర వద్దండీ, మానేశారు అంది. ఎప్పుడు మానేశాడు? ఎవరు మానమన్నారు? చప్పటి టీ చేతిలో పట్టుకుని అతనికి లోకం మీద ఎంత కోపం వచ్చిందంటే, పుండు వచ్చినప్పుడు కూడా అంత రాలేదు. పలక లోపలెక్కడో ఉంది. ఒక గుక్క తాగి, గాలి మింగి, "టీ," అన్నాడు. తేన్పు వచ్చింది. స్నేహితులు తలలు దించుకున్నారు. ఏంటండీ ఇది అందరిముందూ, అని ఆమె కసిరింది. మళ్ళీ మింగాడు. "టీ. టీ. చప్ప." అప్పుడామె చేతిలో గిన్నె కింద పెట్టేసి అతని దగ్గరికొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. ఇంకోసారి అనండి, అంది. ఇంకోసారి అన్నాడు. ఇప్పుడు తెర మీద వినబడే గొంతుకన్నా వంద రెట్లు అధ్వానంగా ఉండి ఉంటుంది ఆ చప్పుడు, ఒక్క అక్షరం సరిగా లేదు, అయినా ఆ ఇంట్లో ఎవరూ చెవులు మూసుకోలేదు, మార్కెట్టు మొత్తంలో రాయిలాంటివాడని పేరున్న ఉల్లిపాయల షావుకారు లేచి గోడవైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు. ఎందుకంటే దానికి ముందు ఏమీ లేదు. నెలల తరబడి ఏమీ లేదు, ఏమీ లేనిదాని పక్కన అది మాట అయింది. పాఠాల్లో వాళ్ళేం చేశారు? మొదటి నిమిషం డాక్టరమ్మ చేత చక్కటి గొంతుతో కోర్సు గురించి చెప్పించి, ఆ వెంటనే రెండో నిమిషంలో ఇతన్ని తెచ్చి కూర్చోబెట్టారు. చక్కటి గొంతు పక్కన పెడితే ఇది తేన్పే మరి, ఇంకేమవుతుంది. దర్జీకి ఉన్న తెలివి తమకు లేకపోయింది, ముందు ఊరికే కూర్చుని గుడ్డ కుట్టాలని తోచలేదు.

తోచినా ఏం లాభం, ఆ మొదటి రోజుల గొంతు ఇప్పుడెక్కడిది. ఎవరూ రికార్డు చేయలేదు. వేలం గొంతు కూడా ఎవరూ రికార్డు చేయలేదు, రోజూ వినబడేదాన్ని ఎవరు దాచుకుంటారు. మొన్న బస్సులో భార్య అదే మాట అంది. మొన్న అంటే సర్జన్ దగ్గరనుంచి తిరిగి వస్తూ. సర్జన్ మంచివాడు, మెత్తగా చెబుతాడు, మెత్తగానే చెప్పాడు, ఆహారం దిగే గొట్టంలో పైభాగాన మళ్ళీ పుండు మొలిచిందని, ఆ ముక్క కోసి తీసేయాలని, వచ్చే వారమే చేయాలని. ఆ ముక్కలోంచే అతని మాట వస్తోంది. మరి మాటో, అని ఆమె అడిగింది. ముందు ప్రాణం చూసుకుందామమ్మా, అన్నాడు సర్జన్, కంప్యూటర్ తెరవైపు చూస్తూ. తర్వాత కడుపులోకి తిండి పోసే గొట్టమేదో, మెత్తటి ఆహారమేదో, సంతకాలేవో, అవన్నీ ఆమే విన్నది, అతను సర్జన్ బల్ల మీద ఉన్న గొంతు బొమ్మను చూస్తూ కూర్చున్నాడు, ముక్కలు ఊడదీసి మళ్ళీ బిగించొచ్చు ఆ బొమ్మను. బస్సులో కిటికీ పక్కన ఆమె, ఇటుపక్క అతను. చాలా దూరం వచ్చాక, బయటికే చూస్తూ అంది. "మీ పాత గొంతు నాకు గుర్తు రావడం లేదండి. తలుచుకుంటే ఇప్పటిదే వినబడుతోంది." అతను ఆమె చేతి మీద చెయ్యి వేశాడు, ఇంకేం చేస్తాడు, బస్సు చప్పుడులో అతని మాట వినబడదు. ఇంకో రెండు స్టాపులు దాటాక ఆమే మళ్ళీ అంది, "ఇదైనా పోదులెండి. కంప్యూటర్ పాఠాల్లో ఉందిగా. నాకు కావలసినప్పుడు పెట్టుకుని వింటాను." అతను తలూపాడు. గొంతు తీసెయ్యమని తానే చెప్పి వచ్చానని, వచ్చే వారం కాకపోతే ఆపై వారం ఆ పాఠాల్లో వేరెవరో మాట్లాడతారని ఆమెకు చెప్పలేదు. అలాగే ఆపరేషన్ సంగతి డాక్టరమ్మకు చెప్పలేదు. చెబితే ఆమె జాలితో ఉంచేద్దాం అంటుంది, జాలితో ఉంచిన పాఠం డ్రైవరుకు ఏం ఒరగబెడుతుంది. ఇక్కడిది అక్కడ చెప్పలేదు, అక్కడిది ఇక్కడ చెప్పలేదు, మాట ఉన్నన్నాళ్ళూ మాట దాచుకోవడమే సరిపోయింది.

ఇంట్లోవాళ్ళకోసం ఒక కాపీ అడిగి పట్టుకుపోతే సరి, అంత చిన్న సంగతికి ఇంత మథనమెందుకు అని కూడా అనుకున్నాడు. డాక్టరమ్మ కాదనదు. పాఠాలు నునుపుగా సాగుతాయి, భార్య గరుకుది వింటూ ఉంటుంది, అందరికీ కావలసింది అందరికీ దొరుకుతుంది. కానీ ఆ ఆలోచన దగ్గర మనసు నిలవడం లేదు, డ్రైవరు వచ్చి అడ్డం పడుతున్నాడు, కాలు ఆగిపోయిన డ్రైవరు కాదు, నునుపు గొంతు విని సాధన మొదలుపెట్టి ఏడాది తర్వాత అద్దం ముందు నోరు తెరుచుకుని నిలబడ్డ డ్రైవరు. వచ్చే వారం తర్వాత తానూ ఆయనా ఒకటే. అప్పుడు తనకు ఏ పాఠం పెడతారు? సాధన చేస్తే అందరికీ వస్తుంది అన్న వాక్యంతో మొదలయ్యే పాఠమా? మొదటినుంచీ నేర్చుకోవాలి, కొత్త గొట్టం కుట్టాక గాలి పోతుందో పోదో, పోయినా పైకి వస్తుందో రాదో, టీ అనడానికి మళ్ళీ ఎన్ని నెలలో. ఈసారి కోపమైనా వస్తుందో రాదో, ఆ వయసు దాటిపోయింది. భయమేసింది. ఇంతసేపూ పాఠాల గురించి, జనం గురించి, చుక్కల గురించి ఆలోచించాడు గానీ భయపడటానికి తీరిక చేసుకోలేదు, ఇప్పుడు నడవాలో ఎవరూ లేరు, భయం వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. మెడ రంధ్రంలోంచి ఊపిరి ఈలలా వస్తుంటే గుడ్డ మీద అరచెయ్యి వేసి అదిమాడు, నిశ్శబ్దం పాటించమన్నారు కదా.

దీపం ఆరింది. రేడియో ఆయన ముందు బయటికి వచ్చాడు, నలభై దాటిన భారీ మనిషి, చేతిలో ఫ్లాస్కు, అతన్ని చూసి పాఠాలు రాసింది మీరేనా అండీ అని పలకరించి, చదవడం తేలికే కానీ నాలుకతో గాలి తొయ్యడం నావల్ల కాలేదు, లోపల ఊరికే ప్రయత్నించి చూశాను అని ఒప్పుకున్నాడు. చేతులు జోడించి వెళ్ళిపోయాడు. వెనకే డాక్టరమ్మ వచ్చింది. జుట్టు రేగిపోయి ఉంది, నిద్ర లేదని మొహమే చెబుతోంది, పక్క కుర్చీ కాలు విరిగిందని మరిచి కూర్చోబోయి తమాయించుకుని గోడకు ఆనుకుంది. చెప్పండి మాస్టారూ, అంది. చేసి చూపించేవి కంప్యూటర్ వాళ్ళకు ఈ సాయంత్రం పంపాలి, మీరు వద్దంటే పంపను, పైవాళ్ళకు ఏదో ఒకటి చెప్పుకుంటాను అంది. ఆమె కూడా ఎటు చెబితే అటు పోయేటట్టుంది, అంత అలిసిపోయింది. అతను గాలి పట్టాడు.

"చెప్పేది. ఆయన గొంతు. పెట్టండి. బాగుంది," అన్నాడు. "చేసి చూపేది. నునుపు. చేయొద్దు." ఆమె ఏదో అనబోయింది, డ్రైవరు సంగతే అయి ఉంటుంది, అతను చెయ్యెత్తి ఆపాడు. ఒక తేన్పుకి ఒక ముక్క చొప్పున, మధ్య మధ్య ఆగి గాలి నింపుకుంటూ, సర్జన్ చెప్పిందంతా చెప్పాడు. గొట్టంలో పుండు అన్నప్పుడు ఆమె గోడనుంచి వీపు తీసింది. వచ్చే వారం అన్నప్పుడు వేళ్ళు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎప్పటినుంచి తెలుసు, ఎందుకు చెప్పలేదు అని అడగలేదు, అడిగి ఉంటే అతనికి కష్టమయ్యేది. అయితే ఉన్నవి ఉన్నట్టే ఉంచేద్దామండీ, ఎవరేమన్నా సరే, అంది. అదే వస్తుందని అతను అనుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఇవి. చివర్లో పెట్టండి," అన్నాడు. "ముందు. కొత్తవి తీయండి. ఆపరేషన్. తెల్లారి నుంచి. కట్టు తీయకముందే. కెమెరా. తెచ్చి పెట్టండి." ఆమెకు అర్థం కాలేదనుకుని మళ్ళీ చెప్పబోయాడు, కానీ ఆమెకు అర్థమైంది, కళ్ళలో తెలిసిపోతోంది. మాట లేనిరోజు. గాలి పోనిరోజు. పోయి కడుపు ఉబ్బి ఏడుపొచ్చేరోజు. చూసేవాళ్ళు అక్కడినుంచి అతనితో పాటు నడుచుకుంటూ రావాలి, అప్పుడు చివరికి ఈ బురద గొంతు వినబడితే అది ఏమిటో వాళ్ళకు తెలుస్తుంది. అంతా చెప్పడానికి తేన్పులు చాలవు. నా భార్య ఒప్పుకుంటుంది, ఆమెకు నేనే చెబుతాను, ఇవాళే, అన్నదానికి మాత్రం మిగిలిన గాలి వాడుకున్నాడు. పైన గొట్టాల్లో నీళ్ళు గడగడమని పోయాయి. డాక్టరమ్మ ఆ చప్పుడు ఆగేదాకా ఆగింది. ఇన్నేళ్ళలో ఆమె అతనితో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు, ఆ ఒక్క ప్రోత్సాహకరమైన వాక్యం తప్ప.

"మాస్టారూ," అంది, "ఈసారి రాకపోతే?"

అతను నోట్లో గాలి పట్టుకున్నాడు. నాలుకతో వెనక్కి తోశాడు. అది దిగడం, ఆగడం, తిరిగి పైకి రావడం లోపల స్పష్టంగా తెలిసింది.

"అదీ పెట్టండి," అన్నాడు. "రానివాళ్ళు కూడా. చూస్తున్నారుగా."